రోజుకో ఆకుపచ్చ సంతకం

“ఇకపై అర్జీదారుడి కన్నీరు చెంప దాటకముందే సిఫారసు ఉత్తరం అతని చేతిలో ఉంటుంది.”

మా మంత్రిగారు ఈ చారిత్రక ప్రకటన చేసినప్పుడు ఆయన వెనకాల, రెండో వరసలో, స్తంభం పక్కన సగం కనబడుతూ నిలబడ్డవాణ్ణి నేనే. మర్నాడు పత్రికలన్నీ ఫొటో వేశాయి. అందులో నా ఎడమ భుజం, ఒక చెవి స్పష్టంగా వచ్చాయి. ఎనిమిది గంటల బస్సు ప్రయాణం అవతల ఉద్యోగం చేసుకుంటున్న మా ఆవిడ ఆ చెవిని గుర్తుపట్టి ఫోన్ చేసింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు దక్కిన ప్రచారం అంతే.

పథకం పేరు ‘నిమిషంలో న్యాయం’. మొదట ‘గంటలో న్యాయం’ అనుకున్నారు. పక్క శాఖ మంత్రి ‘అరగంటలో ఆదరణ’ ప్రకటించాడని వేదిక ఎక్కబోతుండగా తెలిసింది. మంత్రిగారు మెట్ల మీదే యాభై తొమ్మిది నిమిషాలు తగ్గించారు. అంత వేగంగా నిర్ణయం తీసుకోగల నాయకుణ్ణి నేను ఇంకొకర్ని చూడలేదు.

పథకం చాలా సులువు. అర్జీదారుడు మంత్రిగారి ఇంటికి వచ్చి గోడు చెప్పుకుంటాడు. మంత్రిగారు ఆ సమయంలో భోజనాల బల్ల దగ్గర ఉన్నా, గడ్డం గీసుకుంటున్నా సరే, సెల్‌ఫోన్ మీద వేలు వేస్తారు. ఆయన ఆజ్ఞ వైర్లూ గీర్లూ లేకుండా వైఫైలో ప్రయాణించి, ఇంట్లోనే ఉన్న ప్రింటర్‌లోంచి సంతకంతో సహా ఉత్తరమై బయటకొస్తుంది.

దానికి ముందు ప్రింటర్ కావాలి. ఎంపిక కోసం కమిటీ వేశారు. నన్ను కన్వీనర్‌ని చేశారు. నేను మంత్రిగారి టైపిస్టుని. ప్రింటర్ వస్తే ఉద్యోగం ఊడే అవకాశం ఉన్నవాడు ఇంటి మొత్తం మీద నేనొక్కడినే కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటానని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి నా కళ్లు చెమర్చాయి.

ఇక్కడ పాఠకులకు ఒక రాజరహస్యం చెప్పాలి. టైపు చేయడం నా పనిలో సగమే. మిగతా సగం పెన్నులు అందించడం. నా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు ఉంటాయి. ఉత్తరంలో మాటలు అందరికీ ఒక్కటే: ‘ఇతని విజ్ఞప్తిని సానుభూతితో పరిశీలించగలరు’. మర్మమంతా కింద సంతకంలో ఉంటుంది. ఆకుపచ్చ ఇంకుతో పెడితే పని చేసిపెట్టమని అధికారికి అర్థం. నీలంతో పెడితే ఫైల్లో పెట్టి భోజనానికి వెళ్లమని అర్థం. ఈ సంగతి మంత్రిగారికి తెలుసు, అధికారులకు తెలుసు, నాకు తెలుసు. ఉత్తరం పట్టుకెళ్లేవాడికి మాత్రం తెలియదు. వెయ్యిమంది వస్తే తొమ్మిదివందల తొంభై తొమ్మిది నీలాలు, ఒక ఆకుపచ్చ.

మా ఆవిడ నర్సు. పదకొండేళ్లుగా ఆ దూరపు ఊరి ఆసుపత్రిలోనే ఉంది. రెండు నెలలకోసారి వస్తుంది. వచ్చిన రోజు నేను పేర్చిపెట్టిన గిన్నెలు తోముతుంది, మర్నాడు బట్టలు ఉతుకుతుంది, మూడోనాడు బస్సెక్కుతుంది. ఏడేళ్ల కిందట ధైర్యం చేసి ఆమె బదిలీ గురించి మంత్రిగారిని అడిగాను.

“అదెంత పనయ్యా, నువ్వు మా మనిషివి. టైపు చెయ్” అన్నారు.

టైపు చేశాను. అచ్చుతప్పులు మూడుసార్లు చూసుకున్నాను. ఆయన చెయ్యి చాపి “నీలం” అన్నారు.

నీలం పెన్ను అందించాను. అలవాటు కొద్దీ క్యాప్ కూడా తీసిచ్చాను. భార్య దగ్గరుంటే నేను అయిదింటికే ఇంటికి పోతానని ఆయన దూరదృష్టి. ఆ ఉత్తరాన్ని నా చేత్తోనే రిజిస్టర్ పోస్టులో వేసి, రసీదు పర్సులో దాచుకున్నాను. మా ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా “ఉత్తరం ఏమైంది?” అంటుంది. “ప్రాసెస్‌లో ఉంది” అంటాను. ఏడేళ్లుగా ఉంది.

సరే, కమిటీ సంగతికి వద్దాం. నాతో పాటు ఇద్దరు సభ్యులు. ఒకరు ఆఫీసు సూపరింటెండెంటు. రెండోవారు మంత్రిగారి బావమరిది. మూడు సెల్‌ఫోన్లు ఉన్నందువల్ల ఆయన సాంకేతిక సలహాదారు.

“ఉత్తరాలేగా, నలుపు చాలు. లేజర్ ప్రింటర్ తీసుకుందాం. వేగంగా వస్తాయి, పదేళ్లు తిరిగి చూడక్కర్లేదు” అన్నాడు సూపరింటెండెంటు.

నలుపైతే నీలమూ ఉండదు, ఆకుపచ్చా ఉండదు. “కలర్ కావాలండీ” అన్నాను.

“ఉత్తరానికి కలరెందుకయ్యా? పెళ్లి ఫొటోనా?”

కారణం చెప్పకూడదు. నా ఇరవై రెండేళ్ల అనుభవమూ నోట్లోకొచ్చింది. “ప్రజల జీవితాల్లో రంగులు నింపుతామని మేనిఫెస్టోలో ఉందండీ.”

సూపరింటెండెంటు బీరువా తీసి, మేనిఫెస్టో దులిపి, పేజీలు తిప్పాడు. పద్నాలుగో పేజీలో నిజంగానే ఉంది. ఆయన కళ్లజోడు సవరించుకుని, “రాసుకో. ప్రింటర్ రంగులది అయి ఉండవలెను, ఆధారం పేజీ పద్నాలుగు” అన్నాడు. ఆ ఊపులోనే నేను ఇంకో నిబంధన కూడా పెట్టించాను. ఆ ప్రింటర్‌లోంచి వచ్చే ప్రతి కాగితానికీ ఒక నంబరు ఉండాలి, నంబరున్న ప్రతి కాగితమూ ఎవరో ఒకరి ఉత్తరమే అయి ఉండాలి. దుర్వినియోగం జరగకుండా. అందరూ మెచ్చుకున్నారు.

బావమరిది తన వంతుగా గొంతు సవరించుకున్నాడు. “వైఫై అంటే గాల్లో వచ్చేది. ఇంట్లో గాలి ఎంత ఆడితే అంత బాగా వస్తుంది. కిటికీలు తెరవండి.”

తెరిచాం. కమిటీ నివేదిక నాలుగు పేజీలు రోడ్డు మీదకు వెళ్లిపోయాయి. మిగిలిన రెండింటినే సమర్పించాం.

దుకాణంలో అమ్మేవాడు నన్ను పక్కకు కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు. “ఇంటికే కదా సార్? ఇంక్‌జెట్ బావుంటుంది. నెలకి ఎన్ని పేజీలు తీస్తారు?”

“ప్రజల కష్టాల్ని బట్టి.”

“ఏ రంగు ఎక్కువ వాడతారు?”

“నీలం.”

“అందరూ నలుపంటారే.”

“మా వాడకం వేరు.”

“ఆకుపచ్చా అదీ?”

“అప్పుడప్పుడు.”

“అప్పుడప్పుడంటే కష్టం సార్, ఎందుకంటే...” అని అతనేదో మొదలుపెట్టాడు. అప్పుడే బావమరిది ప్రింటర్ మీద చెయ్యి వేసి ఫొటోకి నిలబడ్డాడు. నేను పరుగెత్తుకెళ్లి ఆయన వెనకాల సగం కనబడేలా నిలబడ్డాను. అమ్మేవాడి ఉపన్యాసం ఎవరు వింటారు?

ఇంటికొచ్చాక ప్రింటర్‌ని వరండాలో పెట్టి పూలదండ వేశాం. మంత్రిగారు మేడ మీద నుంచి వేలు వేశారు. రాలేదు. మళ్లీ వేశారు. ‘ఆఫ్‌లైన్’ అని చూపించింది. రౌటర్ ఎక్కడుందని వెతికితే పడకగదిలో ఇనప్పెట్టె వెనకాల దొరికింది. దాని లైట్లు మిణుకుమిణుకుమంటుంటే నిద్ర పట్టడం లేదని మంత్రిగారి సతీమణి, మేమంతా అమ్మగారు అంటాం, అక్కడ పెట్టి పైన దుప్పటి కప్పారు. ఇల్లు చూస్తే పాతకాలంది, మూరెడు మందం గోడలు.

“దుప్పటి తీద్దామా అమ్మగారూ?” అన్నాను.

“ప్రభుత్వం వస్తుంది, పోతుంది. నా నిద్ర పోతే తిరిగి రాదు. నీ మిషన్నే జరుపుకో” అన్నారు ఆవిడ.

ప్రింటర్‌ని చక్రాల బల్ల మీద ఎక్కించి ఇల్లంతా తిప్పాం. ముందు బావమరిది ఫోన్ ఎత్తి పట్టుకుని “లేదు... లేదు...” అంటూ నడిచాడు. వెనక నేను బల్ల తోశాను. నా వెనక సూపరింటెండెంటు పూలదండ జారిపోకుండా పట్టుకున్నాడు. చూసేవాళ్లకి ఏదో శవయాత్రలా ఉందని తోటమాలి తర్వాత నాతో అన్నాడు. హాల్లో రాలేదు, ఆఫీసు గదిలో రాలేదు, మెట్ల కింద అసలే రాలేదు. చివరికి వంటింట్లో, ఫ్రిజ్‌కీ గిన్నెలు కడిగే సింకుకీ మధ్యన, ప్రింటర్ కిర్రుమని ఉత్తరం కక్కింది.

బావమరిది తల గోక్కున్నాడు. మంత్రిగారు మాత్రం క్షణం తడబడలేదు. మర్నాడు పత్రికల్లో వచ్చింది: ‘ప్రజలకు నా వంటింటి దాకా ప్రవేశం’.

పెరటి గుమ్మం నుంచి క్యూ మొదలైంది. నేను ఫ్రిజ్ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాణ్ణి. పెన్నులు అందించే పని పోయి, కాగితాలు అందించే పని వచ్చింది. మంత్రిగారి ఫోన్‌లో రెండు బటన్లు పెట్టాం. మొదటిది నీలం సంతకం, రెండోది ఆకుపచ్చ. అమ్మగారు పొయ్యి దగ్గర నుంచే పర్యవేక్షించేవారు. “ఆ కాగితాలు నీళ్లకి దూరంగా పెట్టు”, “ఆ పెద్దాయన్ని ఫ్రిజ్‌కి ఆనుకోవద్దను”, “వచ్చినవాళ్లలో ఎవరైనా ఖాళీగా ఉంటే ఈ వెల్లుల్లి ఒలవమను”. ప్రజలకూ పాలకులకూ మధ్య దూరం అంతగా తగ్గడం నేనెరగను.

ఆరు వారాలు పథకం దేదీప్యమానంగా సాగింది. ఏడో వారం బావమరిది రుసరుసలాడుతూ వంటింట్లోకి వచ్చాడు.

“బావా, బస్టాండు క్యాంటీను లీజు సంగతేంటి? నీ ఉత్తరం ఇచ్చి నెల దాటింది. ఇదివరకైతే నేనే వెళ్లి వాళ్ల నెత్తిన కూర్చునేవాణ్ణి. నిమిషంలో న్యాయం అన్నావని ఇంట్లోనే కూర్చున్నా. కాగితం కదల్లేదు.”

మంత్రిగారు అదే ప్రింటర్‌లో తీసి మేం దాచిన రంగు నకలు తెప్పించి చూశారు. తర్వాత నా వైపు చూశారు. బావమరిదిని పంపేసి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు. “ఏం నొక్కాను నేను?”

“రెండోదే నొక్కారు సార్. నా కళ్లతో చూశాను.”

సంతకం ఆకుపచ్చగా లేదు. లేత ఆకాశంలా ఉంది. పాత నకళ్లన్నీ తిరగేశాను. ఆరు వారాలుగా ఇచ్చిన ఆకుపచ్చ సంతకాలన్నీ నీలంగానే వచ్చాయి.

ఆయన గిన్నెల స్టాండు పట్టుకుని నిలబడ్డారు. “అంటే, నెలన్నరగా నా శాఖలో ఒక్క పనీ జరగలేదంటావు.”

“ఎవరూ గమనించలేదు సార్.”

ఆయన ముఖం కాస్త తేరుకుంది. “మన మీద జనానికున్న నమ్మకం అటువంటిదయ్యా.”

మెకానిక్ వచ్చాడు. పెద్దవాడు, మాట పొదుపు. మూత తీసి, లోపలికి టార్చి కొట్టి, నిట్టూర్చాడు. “పసుపు ఎండిపోయింది.”

“మాకు పసుపుతో పనిలేదు, ఆకుపచ్చ కావాలి” అన్నారు మంత్రిగారు.

“ఆకుపచ్చ అని వేరే ఇంకు ఉండదు సార్. నీలంలో పసుపు కలిస్తేనే ఆకుపచ్చ. మీరు ఎంతసేపూ నీలమే తీస్తున్నారు. వాడక వాడక పసుపు ఇంకొచ్చే నాజిల్ పూడుకుపోయింది. ఇంక్‌జెట్ అంటే అంతే, వాడితేనే ఉంటుంది. శుభ్రం చేసి ఇస్తా. ఇకనుంచి రోజుకొక ఆకుపచ్చ తీయండి.”

“రోజుకా?” మంత్రిగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇటువంటి బేరాల్లో ఆయన్ని మించినవారు లేరు. “వారానికొకటి చాలదా?”

“చాలదు.”

“నెలాఖరున నాలుగు పెద్దవి తీస్తే?”

“ఇది మిషను సార్. సర్దుకుపోదు.”

“ఉత్తరాలే తీయాలా? ఏదో ఆకు బొమ్మ తీస్తే?”

“మీ ఇష్టం. ఆకైనా, చిలకైనా.”

మంత్రిగారు ఆశగా నా వైపు తిరిగారు. నేను తల వంచుకుని కమిటీ నిబంధన చదివి వినిపించాను: నంబరున్న ప్రతి కాగితమూ ఎవరో ఒకరి ఉత్తరమే అయి ఉండాలి. ప్రతిపక్షం వాళ్లు ఇప్పటికే ఉత్తరాల రిజిస్టరు అడుగుతున్నారు. చిలక పేరు మీద నంబరు వేయలేం.

“ఈ నిబంధన పెట్టిన మహానుభావుడెవరు?”

“కమిటీ సార్” అన్నాను.

ఆ విధంగా యంత్రం ఆరోగ్యం కోసం, ప్రభుత్వం రోజుకొక పని నిజంగా చేయవలసిన పరిస్థితి వచ్చింది.

మొదటి రోజు బావమరిది క్యాంటీను. రెండో రోజు బావమరిది తోడల్లుడి ఇంటి ప్లాను. తర్వాత పిన్ని కొడుకు, అమ్మగారి స్నేహితురాలి కుక్కల ఆసుపత్రి, ప్రచారంలో మైకు పట్టినవాడు, మైకు అద్దెకిచ్చినవాడు. ఇలా పద్దెనిమిది రోజులు గడిచాయి. పంతొమ్మిదో రోజున సొంతమనుషులు అయిపోయారు. ఉన్నవాళ్లందరికీ కావలసినవి అడిగేశారు. మంత్రిగారు వంటింట్లో పచార్లు చేశారు.

“ఎవరైనా గుర్తుకొస్తున్నారా?”

“గుమ్మం బయట ఎనభైమంది ఉన్నారు సార్.”

“మనవాళ్ల గురించి అడుగుతున్నానయ్యా.”

అమ్మగారు గరిటె గిన్నె అంచుకి కొట్టి, “మనవాళ్లంటే ఎక్కడో వెతుకుతారేం? ఈ మనిషి ఇరవై ఏళ్ల నుంచి కుక్కిన పేనులా ఇక్కడే ఉన్నాడుగా” అన్నారు.

మంత్రిగారు నన్ను ఎగాదిగా చూశారు. నేనక్కడ ఉన్నానని అప్పుడే తెలిసినట్టు. “నీకేమైనా ఉందా?”

“మా ఆవిడ బదిలీ సార్.”

“సంతకం పెద్ద సైజులో వెయ్యి. నాజిల్ బాగా తెరుచుకోవాలి” అన్నారు ఆయన.

వచ్చింది సార్ ఆకుపచ్చ. పాఠకులను కూడా సార్ అంటున్నాను, క్షమించాలి. లేతాకులా మెరుస్తూ, కాగితంలో మూడోవంతు సంతకమే. మంత్రిగారు దాన్ని వెలుగులో పెట్టి చూసి, “పసుపు బాగా పలుకుతోంది” అన్నారు. నా జీవితంలో అంతటి అదృష్టం ఒక ప్రింటర్ మలబద్ధకం వల్ల పట్టింది. ఆ రోజు ఫోన్‌లో మా ఆవిడతో, “ఇక పెట్టే బేడా సర్దుకో” అని మొదటిసారి గట్టిగా చెప్పాను.

నెల గడిచింది. ఆర్డరు రాలేదు. ఆమె ఫోన్‌లో ఏమీ అడగడం లేదు. అడిగితే బాగుండును. సర్దిన పెట్టెలోంచే రోజూ చీర తీసి కట్టుకుంటున్నానని మాత్రం చెప్పింది. నేను సెలవు పెట్టి ఆసుపత్రుల ప్రధాన కార్యాలయానికి వెళ్లాను. ఇరవై రెండేళ్లలో నేను వందల ఉత్తరాలు పంపిన చోటు. అడుగుపెట్టడం అదే మొదలు.

ఉత్తరాలు అందుకునే గదిలో ఒక గుమాస్తా ఉంది. యాభై దాటిన మనిషి, ముందు జిరాక్స్ మిషను, పక్కన గోనెసంచులు.

“మంత్రిగారి ఉత్తరమమ్మా, నెల కిందట వచ్చి ఉంటుంది. ఆకుపచ్చ సంతకం” అన్నాను, గొంతు తగ్గించి.

“ఆకుపచ్చైతే?”

“అదే... మీ పెద్దాఫీసరుగారికి తెలుసు.”

“ఆయనకేం తెలుస్తుందండీ? వచ్చిన ప్రతి కాగితం నేను జిరాక్స్ తీసి నకలు పైకి పంపుతా. అసలుది ఈ సంచిలో వేస్తా. నేను చేరినప్పట్నుంచీ ఇదే పద్ధతి.”

మిషను మీద కాగితాలు వస్తూనే ఉన్నాయి. అన్నీ నలుపే. మా మంత్రిగారి సంతకాలూ, పక్క మంత్రి సంతకాలూ, నాకు తెలియని ఏయే టైపిస్టులు పెన్నులు అందించారో ఆ మంత్రులందరి సంతకాలూ నల్లగా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

నేను గోడకి ఆనుకున్నాను. “మరి పనులెలా అవుతాయమ్మా?”

“దరఖాస్తు పెట్టుకుంటే అవుతాయి. ఇంతకీ మీ పనేంటి?”

“మా ఆవిడ నర్సు. ఈ ఊరికి బదిలీ.”

“దరఖాస్తు పెట్టిందా?”

పాఠకుల దగ్గర దాచేదేముంది? మా ఆవిడ ప్రతి ఏడాదీ దరఖాస్తు పెడతానంది. ప్రతి ఏడాదీ నేనే వద్దన్నాను. మంత్రి పక్కన ఉండేవాడి పెళ్లాం క్యూలో నిలబడితే మంత్రిగారికి ఎంత నామోషీ?

“పెట్టలేదు” అన్నాను.

గుమాస్తా నన్ను జాలిగా చూసింది. “నాలుగో కౌంటరులో ఫారం ఇస్తారు. ఒకటే పేజీ. ఈ ఊళ్లో రెండు ఖాళీలు నాలుగేళ్ల నుంచి ఉన్నాయి. ఎవరూ అడగటం లేదు. అందరూ ఉత్తరాలే పంపుతున్నారు.”

ఫోన్ చేసి మా ఆవిడకి చెప్పాను. “అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఎవరో అనుకున్నా. ఫారం మీద సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి” అంది.

తొమ్మిదో రోజున ఆర్డరు వచ్చింది. మరో వారానికి ఆమె సామానుతో దిగింది. ఇంట్లోకి రాగానే గిన్నెలు చూసి, “ముందు మీ సారుకి థాంక్స్ చెప్పిరండి. ఆయన చలవే కదా పదకొండేళ్లు” అంది. ఆ గొంతులో వెటకారం ఎంతో, అలసట ఎంతో నేను కొలవలేదు. నిజం చెప్పేద్దామనే నిశ్చయంతో మంత్రిగారింటికి బయలుదేరాను. దారంతా వాక్యాలు కూర్చుకున్నాను.

వంటింట్లో మంత్రిగారు నూట పన్నెండో అర్జీకి వేలు వేస్తున్నారు. క్యూ పెరడు దాటి రోడ్డెక్కింది.

“సార్, మా ఆవిడకి బదిలీ అయింది.”

ఆయన వేలు గాల్లోనే ఆగింది. “అయిందా? నా ఉత్తరానికా?”

ఇరవై రెండేళ్లు, రెండు పెన్నులు, ఒక ముక్కాలిపీట నా కళ్ల ముందు తిరిగాయి. కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ నోట్లోకి రాలేదు.

“అవును సార్.”

ఆయన ఫోను బల్ల మీద పెట్టి, పెరటి గుమ్మం వైపు ఓసారి చూసి, నా చెవి దగ్గరకు వంగారు.

“బయట ఎవరికీ చెప్పకు.”

“ఏమని సార్?”

“పని అయిందని. జనాన్ని తట్టుకోలేం.”

సరేనన్నాను. వెళ్లి పీట మీద కూర్చున్నాను. ప్రింటర్ కిర్రుమంది, నీలం సంతకం బయటకొచ్చింది. క్యూలో ముందున్న ముసలాయన దాన్ని రెండు చేతులతో అందుకుని, “దీనితో పని అయిపోతుందా బాబూ? ఇంకెక్కడికైనా వెళ్లాలా?” అని అడిగాడు.

మంత్రిగారు తలెత్తి నా వైపు చూశారు.

“తడి ఆరేదాకా మడవకండి” అన్నాను.